వెండి కరిగింది, మట్టి మెరిసింది

తెలంగాణలో ఫ్రెంచి జాడలు – 6వ భాగం

కిందటి భాగంలో జగిత్యాల కోట చుట్టూ తిరిగాం. జఫరుద్దౌలా ఇబ్రహీంఖాన్ ధంసా ఏలుబడిలో, ఫ్రెంచి ఇంజనీర్ల పద్ధతిలో నక్షత్రం ఆకారంలో లేచిన ఆ రాతిగోడలనూ, వాటి చుట్టూ తవ్విన కందకాన్నీ, బురుజుల మీది ఫిరంగులనూ చూశాం. కోటను అట్లా కోణాలు కోణాలుగా కట్టే విద్యను శిఖరానికి చేర్చినవాడు వోబాన్ అనే సేనా ఇంజనీరనీ, ఆయన పద్నాలుగో లూయీ కొలువులో పనిచేశాడనీ చెప్పుకున్నాం. ఈసారి కథా ఆ రాజు దగ్గరే మొదలవుతుంది. కాకపోతే బురుజుల మీంచి దిగి భోజనాల గదిలోకి వెళ్తాం. అక్కడి మట్టి పళ్లెం ఎట్లా పుట్టిందో, రెండు వందల ఏళ్ల తరవాత హైదరాబాదు దివాన్ల హవేలీలోకి ఫ్రెంచి సామాను ఎందుకు చేరిందో చూద్దాం.

1689 డిసెంబరు. ఇంగ్లండు, హాలండు, స్పెయిన్, జర్మన్ రాజ్యాలు ఒక్కటై లూయీ మీద యుద్ధం చేస్తున్నాయి. సరిహద్దు పొడవునా వోబాన్ కోటలకు రాయి కావాలి, సున్నం కావాలి, అన్నిటికన్నా ముందు కూలికి రొక్కం కావాలి. ఖజానా అడుగంటింది. అప్పుడు లూయీ తన వెర్సాయ్ భవనంలోని వెండి బల్లలు, దీపస్తంభాలు, నారింజ మొక్కలు పెంచే వెండి తొట్లు అన్నీ టంకశాలకు పంపమని ఉత్తరువిచ్చాడు. సుమారు 20 టన్నుల సామాను. గొప్ప గొప్ప కంసాలులు ఏళ్ల తరబడి కూర్చుని చెక్కిన పని కొద్ది నెలల్లో కరిగి నాణేలైంది. రాజు తన ఇల్లు ఖాళీ చేసుకున్నాక ప్రభువులు మాత్రం వెండి కంచాల్లో ఎట్లా తింటారు? వాళ్లూ తెచ్చి ఇచ్చారు.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి మళ్లీ అదే అవస్థ. 1709 చలికాలం ఫ్రాన్సు చరిత్రలోనే ఘోరమైనది. నదులు గడ్డకట్టాయి, గోధుమ చేలు మాడిపోయాయి, పల్లెల్లో జనం ఆకలికి చచ్చారు. మరోవైపు స్పెయిన్ సింహాసనం కోసం పెద్ద యుద్ధం సాగుతూనే ఉంది. రాజు మళ్లీ వెండి అడిగాడు. ఈసారి కొందరు ఇచ్చారు, కొందరు ఇచ్చినట్టు కనబడి సగం దాచుకున్నారు. కొలువులో ఉంటూ అన్నీ రాసిపెట్టుకున్న సేన్ సిమోన్ అనే ప్రభువు మాట ప్రకారం, ఎనిమిది రోజుల్లో పేరున్న ప్రతివాడూ మట్టి పళ్లేలకు మారిపోయాడు. పారిస్ దుకాణాల్లో సరుకు దొరక్కుండా పోయింది.

అప్పటిదాకా మట్టిపాత్ర పేదవాడి సొమ్ము. ఆ ఎనిమిది రోజులతో దాని రాత మారింది. రువాన్, నెవేర్, ముస్తియే ఊళ్లలోని బట్టీలకు చేతినిండా పని దొరికింది. వీటిలో రువాన్‌ది వేరే కథ. 1644లోనే అక్కడ ఈ పనికి 50 ఏళ్లపాటు ఒక్కరికే హక్కు కట్టబెట్టింది రాజ్యం. ఆ గుత్త గడువు తీరిందో లేదో ఊరంతా కొత్త బట్టీలు పుట్టుకొచ్చాయి. తెల్లటి పళ్లెం అంచు నుంచి నడిమికి జాలరు అల్లికలా దిగే నీలి గీతలు వాళ్ల పేరు నిలబెట్టాయి. ఒక ఊరి గీత ఇంకో ఊరివాళ్లు ఎత్తుకుపోవడం, ఒకరి పనివాణ్ణి ఇంకొకరు ఎక్కువ కూలి ఆశపెట్టి లాక్కోవడం, పూత తయారీని కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పకపోవడం ఆ బజార్లలో రోజూ జరిగేవే.

బస్రా నుంచి రెండు దారులు

ఈ పళ్లెం ఎట్లా తయారవుతుందో చెప్పాలి. మామూలు మట్టిని కాలిస్తే ఎర్రగానో, మట్టిరంగుగానో వస్తుంది, నీళ్లు పీల్చుకుంటుంది. దాని మీద సీసం కలిసిన గాజు పూత పూస్తే నీళ్లు ఆగుతాయి, కానీ కింది మట్టిరంగు కనిపిస్తూనే ఉంటుంది. ఆ పూతలో తగరం భస్మం కలిపితే మాత్రం పాలలా తెల్లబడి మట్టిని పూర్తిగా కప్పేస్తుంది. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేది ఈ తగరంతోనే. అక్కడ ఇత్తడి కిలుము అన్నంలో కలవకుండా అడ్డం పడినట్టే, ఇక్కడ ఎర్రమట్టి కంటికి ఆనకుండా అడ్డం పడుతుంది. ఆ తెల్లటి పచ్చి పూత మీద కుంచెతో బొమ్మ గీస్తే వెంటనే ఇంకిపోతుంది, దిద్దుకోవడానికి వీలుండదు. ఒక్క గీతలో చెయ్యి తిరగాలి.

ఈ విద్య ఫ్రాన్సులో పుట్టలేదు. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చైనా నుంచి వచ్చిన తెల్లటి పింగాణి చూసి, అట్లాంటి మట్టి తమ దగ్గర లేక, తగరపు పూతతో ఆ తెలుపు సాధించారు. అక్కడి నుంచి ఉత్తరాఫ్రికా మీదుగా స్పెయిన్‌కు, మయోర్కా దీవి ఓడరేవుల మీదుగా ఇటలీకి చేరింది. ఆ దీవి పేరే సరుకుకు మజోలికాగా స్థిరపడింది. ఇటలీ నుంచి అన్నదమ్ములైన కుమ్మరులు నెవేర్‌కు వలస వచ్చి ఫ్రాన్సులో నాటారు. ఇది పడమటి దారి.

తూర్పు దారి మన ఇంటి ముందుకే వచ్చింది. ఇరాక్, ఇరాన్ దేశాల్లో పెరిగిన పూత పలకల విద్యను అక్కడి పనివాళ్లు గోల్కొండ సుల్తానుల కొలువుకు తెచ్చారు. హైదరాబాదు పత్థర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 1611 ప్రాంతంలో అతికిన నీలి, పసుపు, ఆకుపచ్చ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. 1908లో మూసీ వరద లోపలికొచ్చి కింది వరసలు పాడుచేసింది కానీ, పై భాగం చెక్కుచెదరలేదు. రువాన్ పళ్లెమూ, ఆషూర్‌ఖానా గోడా వరసకు దాయాదులు. ఫ్రెంచి సామాను సేకరించాలని మోజుపడే మనవాళ్లు ముందు ఒకపూట ఆ గోడ ముందు నిలబడి రావాలని నా కోరిక.

అదే కాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో జనం దేంట్లో తిన్నారు? మోదుగాకు విస్తరి, కుమ్మరి చేసిన కుండ, చల్లటి నీళ్లకు రంజను. కాస్త కలిగినవాళ్లకు కంచు, ఇత్తడి. దేశ్‌ముఖుల గడీల్లో వెండి. పింగాణి కంచానికి మన వంటింట్లో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది, అదీ ఎక్కువగా ఊరగాయ జాడీ రూపంలోనే. వెండి మీద మక్కువ మాత్రం ఇక్కడ తగ్గలేదు. కరీంనగర్ పనివాళ్లు వెండిని తీగగా లాగి, అల్లి, పాన్‌దాన్లూ అత్తరుదాన్లూ చేస్తూ నేటికీ ఆ విద్యను నిలబెట్టుకున్నారు.

పడిపోయి మళ్లీ లేచిన కొలిమి

ఫ్రెంచి కుమ్మరుల్లో ఇంటింటా తెలిసిన పేరు బెర్నార్ పాలిసీ. 1510 ప్రాంతంలో పుట్టాడు. గాజు మీద బొమ్మలు వేసుకుంటూ, భూములు కొలుస్తూ బతికేవాడు. ఒకరోజు తెల్లటి పూత ఉన్న ఒక గిన్నె చూశాడు. ఆ పూత గుట్టు కనిపెట్టాలని పదహారేళ్లు తంటాలు పడ్డాడు. కట్టెలు కొనడానికి డబ్బులేక బల్లలూ, ఇంట్లో పరిచిన చెక్కలూ పీకి బట్టీలో పడేశానని తనే రాసుకున్నాడు. భార్య తిట్టింది, ఊరు నవ్వింది. చివరకు అతని చేతికి వచ్చింది తెల్లపూత కాదు, రంగురంగుల సీసపు పూత. ఆ పూతతో పళ్లెం మీద పాము, చేప, కప్ప, నత్త, నాచు నిజంగానే నీళ్లలో కదులుతున్నాయేమో అనిపించేట్టు చేశాడు. రాజమాత కాథరీన్ డి మెడిచి పిలిచి తన తోటలో పని అప్పగించింది. కానీ అతను ప్రొటెస్టెంటు. మతం మార్చుకోనన్నందుకు ఎనభై ఏళ్ల వయసులో బాస్టీల్ జైల్లో పెట్టారు, 1590 ప్రాంతంలో అక్కడే పోయాడు.

పాలిసీ తరవాత రెండు శతాబ్దాలు తెల్లపూత పళ్లెమే రాజ్యమేలింది. దాన్ని దెబ్బకొట్టింది శత్రుసైన్యం కాదు, ఒక వర్తక ఒప్పందం. 1786లో ఫ్రాన్సు, ఇంగ్లండు సుంకాలు తగ్గించుకున్నాయి. ఇంగ్లండు కార్ఖానాల్లో అచ్చుల్లో పోసిన తేలికైన, గట్టి, చౌక పళ్లేలు ఫ్రెంచి బజార్లను ముంచెత్తాయి. కొద్ది ఏళ్లలోనే బట్టీలు వరసగా చల్లారాయి. యంత్రం సరుకు చేతిపనిని ఎట్లా తొక్కుతుందో సిరిసిల్ల వాళ్లకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. మరమగ్గం దాకా వచ్చిన నేతన్నల ఊరది. బతికి ఉన్న బట్టీలు 1789 విప్లవం వచ్చాక పళ్లేల మీద జెండాలు, ఎర్రటోపీలు, విప్లవ నినాదాలు గీసి అమ్ముకున్నాయి. రాజుల వెండి కరిగాక మొదలైన పళ్లెం రాజు తల తెగిన కబురు మోసింది.

విప్లవానికి ఒక ఏడాది ముందు, 1788లో, మైసూరు టిప్పు సుల్తాను రాయబారులు ఫ్రాన్సులో దిగారు. పారిస్ పక్కనున్న సేవ్ర్ రాచ కార్ఖానాను చూశారు. అక్కడ చేసేది మట్టి పళ్లెం కాదు, అసలు పింగాణి. పదహారో లూయీ వాళ్లకు సేవ్ర్ సామాను బహుమతిగా ఇచ్చాడు. తన రాజ్యానికి పంపమని టిప్పు అడిగిన పనివాళ్ల జాబితాలో ఫిరంగులు పోతపోసేవాళ్లు, గడియారాలు చేసేవాళ్లతో పాటు సేవ్ర్ పింగాణి పనివాళ్లూ ఉన్నారు. టిప్పు మన నిజాంకు పగవాడు. ఆ నిజాం దగ్గరేమో అదే సమయంలో ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగులు పోయిస్తున్నాడు. ఫ్రెంచి విద్య కోసం ఇద్దరూ పోటీపడ్డారు. కళాపాత్రల ప్రాణం పట్టుకున్నది మాత్రం టిప్పు ఒక్కడే.

పాలిసీ విద్య మళ్లీ 1840లలో లేచింది. తూర్ అనే ఊళ్లో ఆవిసో అనే కుమ్మరి పాలిసీ పాత్రలు చూసి, ఆ పూత గుట్టు తానే వెతికి పట్టుకున్నాడు. తులూజ్‌లో పుట్టిన లెయోన్ ఆర్నూ ఇంగ్లండు వెళ్లి మింటన్ కార్ఖానాలో చేరి, 1849లో అదే తీరు రంగుపూతలు తెచ్చాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో జనం వాటి ముందు గుమికూడారు. ఈ కొత్త సరుకుకే మజోలికా అనే పాత పేరు అంటింది. కాబట్టి బజారులో ఈ పేరుతో రెండు రకాలు తిరుగుతున్నాయి. తెల్ల తగరపు పూత మీద కుంచె బొమ్మ ఒకటి. ఉబ్బెత్తు ఆకులు, కాయలు, జంతువులతో రంగు సీసపు పూత పూసింది ఇంకొకటి. ఇప్పుడు సేకర్తలు ఫ్రెంచి మజోలికా అని వెతికేది ఎక్కువగా రెండోదే. ఫ్రెంచివాళ్లు దాన్ని బార్బొటీన్ అంటారు.

ఆ రోజుల్లో రైళ్లు వచ్చాయి, పట్నాల్లో మధ్యతరగతి పెరిగింది, వాళ్ల భోజనాల బల్ల మీద ఒక్కో తిండికి ఒక్కో పళ్లెం కావాలి. ఆస్పరాగస్ కాడలకు ఒక పళ్లెం, గవ్వచేపలకు గుంటలున్నది ఒకటి, ఆర్టిచోక్‌కు మరొకటి. పూత మీద కూడా అదే తిండి బొమ్మ. సారెగమీన్ కార్ఖానా 1790లో పుట్టి ఈ సరుకుతో పెద్దదైంది. 1871లో జర్మనీ ఆ ప్రాంతాన్ని గెలుచుకుంటే, యజమానులు ఫ్రెంచి కొనుగోలుదార్లు చేజారకుండా సరిహద్దుకు ఇవతల దిగ్వాన్, వీత్రీ ఊళ్లలో మరో రెండు కార్ఖానాలు పెట్టారు. దక్షిణ తీరాన మాసియే కుటుంబం చేసిన లోహపు మెరుపు పూతల్లో బస్రా కుమ్మరుల పాత విద్యే మళ్లీ తళుక్కుమంది.

ఇవి అమ్ముడుపోతున్న కాలంలోనే పాతవాటిని వెతికేవాళ్లూ తయారయ్యారు. వాళ్లలో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు సోవజో. పారిస్ ఒపెరాలో వయొలిన్ వాయించేవాడు, సుంకాల కచేరీలో గుమాస్తా. జీతం కొంచెం, కన్ను పదును. విప్లవం తరవాత ఎవరికీ పట్టని పాత సామాను చౌకగా దొరుకుతున్న రోజుల్లో పాలిసీ పళ్లేలతో సహా ఎన్నో పోగుచేశాడు. పెద్ద ధర ఇస్తామన్నా అమ్మలేదు. 1856లో మొత్తం లూవ్ర్ మ్యూజియానికి రాసిచ్చాడు.

దివాన్ల హవేలీలో చీనీ గది

1853లో హైదరాబాదు సంస్థానం పరిస్థితి 1689 నాటి లూయీ ఖజానా కన్నా నయమేమీ కాదు. కంపెనీకి అప్పు తీరక బీరారు ప్రాంతం చేజారింది. అరబ్బు, రోహిల్లా జమేదార్లు, సావుకార్లు వసూళ్లను గుత్తకు పట్టి పల్లెలను పిండుతున్నారు. ఆ ఏడాదే 24 ఏళ్ల మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్‌జంగ్, దివాన్ అయ్యాడు. గుత్తలు రద్దుచేశాడు, జీతం మీద పనిచేసే తాలూకాదార్లను పెట్టాడు. 1865లో జిలాబందీ తెచ్చాడు. ఎలగందుల జిల్లా, దాని కింద జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు ఆ ఏర్పాటులోంచి వచ్చినవే. ఆ జిల్లా 1905లో కరీంనగర్ అయింది. మన రెండు తాలూకాల లెక్క పుస్తకాలు తెరిపించినవాడూ, ఈ కథలో పింగాణి సేకర్తా ఒక్కరే.

1876లో బీరారు తిరిగి ఇవ్వమని అడగడానికి ఆయన ఇంగ్లండు బయలుదేరాడు. సూయెజ్ కాలవ తెరిచి ఏడేళ్లయింది, దారి దగ్గరైంది. రోములో బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా శిల్పం కొన్నాడు. పారిస్‌లో గ్రాండ్ హోటల్ మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. జూన్ మొదట్లో ఇంగ్లండు గడ్డమీద ఆయన్ను మోసుకుని దించారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టా ఇచ్చింది, ప్రభువులు విందులిచ్చారు, బీరారు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తిరిగొచ్చాక బ్రిటిషు రెసిడెంటు కక్షగట్టాడు. 1877లో ఆయనకు గిట్టని పైగా వంశపు ప్రభువు రషీదుద్దీన్‌ఖాన్‌ను సహ పాలకుడిగా పక్కన కూర్చోబెట్టారు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో సాలార్‌జంగ్ పోయాడు.

ఆయన నివాసం దివాన్ దేవిడీ. అందులో అద్దాల గది ఐనాఖానా, పింగాణి గది చీనీఖానా ఉండేవి. చీనీఖానా గోడలకు పళ్లేలూ కప్పులూ సాసర్లూ కొలువుతీరాయి. వచ్చిన ప్రతి తెల్లదొరకూ దాన్ని చూపించేవాళ్లు. లాలా దీన్‌దయాళ్ ఆ గదిని ఫోటో తీశాడు. ఈ మోజు వెనక కళాభిరుచి ఒక్కటే ఉందని నేననుకోను. తమకు నాగరికత నేర్పుతామని వచ్చిన రెసిడెంట్ల ముందు, వాళ్ల దేశాల మేలిమి సరుకు మా గోడ మీద ఉందని చెప్పడం అది. ప్రభువుల మధ్య పోటీ కూడా ఉంది. రషీదుద్దీన్‌ఖాన్ కొడుకు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లు ఫలక్‌నుమా కట్టి, ఐరోపా సామానుతో నింపి, అప్పుల్లో కూరుకుపోయాడు. 1897లో ఆ మహలు నిజాం మహబూబ్ అలీ చేతికి వెళ్లింది.

మొదటి సాలార్‌జంగ్ మనవడు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడో సాలార్‌జంగ్, 1889లో పుట్టాడు. 1912లో దివాన్ అయి 1914లో దిగిపోయాడు. అప్పటినుంచి ఆయన లోకం వస్తువులే. పెళ్లి చేసుకోలేదు. దేశదేశాల వర్తకులు దేవిడీ గుమ్మం ముందు వరసకట్టేవాళ్లు. జపాన్, చైనా, జర్మనీ, ఇంగ్లండు పింగాణితో పాటు సేవ్ర్ పింగాణి వచ్చి చేరింది. చైనా నుంచి వచ్చిన లేత ఆకుపచ్చ పళ్లేలూ చేరాయి. విషం తగిలితే అవి పగిలిపోతాయని పాత నవాబులు నమ్మేవాళ్లు. ఈ డబ్బంతా ఎక్కడిది? కోస్గి, కొప్పల్, ఎల్బుర్గా, అజంతా లాంటి జాగీరు ఊళ్ల రైతుల చెమటది. సాలార్‌జంగ్ రసికత గురించి రాసేవాళ్లు ఆ ఊళ్ల పేర్లూ రాయాలి.

1949 మార్చి 2న ఆయన వారసుడు లేకుండా పోయాడు. చుట్టాల దావాలు లేచాయి. సరుకు వేలానికి పోకుండా ప్రభుత్వం అడ్డుకుంది. ముఖ్యమంత్రి వెల్లోడి పూనుకున్నాడు, జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుడు సామాను సర్దాడు. 1951 డిసెంబరు 16న దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం తెరిచాడు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. టికెట్టు కొన్న కోరుట్ల బడిపిల్లవాడు ఆ పళ్లేల ముందు నవాబుతో సమానంగా నిలబడతాడు. ఈ కథలో నన్ను ఎక్కువ సంతోషపెట్టే ఘట్టం ఇదే.

ఇప్పుడు వెతికేవాళ్లకు నాలుగు మాటలు. పళ్లెం ముందు వెనక్కి తిప్పి చూడండి. సారెగమీన్ సరుకు వెనక తరచుగా ఆ పేరు నొక్కిన గుర్తు కనిపిస్తుంది. షువాజీ కార్ఖానా వాళ్లు యజమాని బులాంజే పేరు మొదటి అక్షరాలు అచ్చువేసేవాళ్లు. గుర్తు లేనంత మాత్రాన నకిలీ కాదు, ఉన్నంత మాత్రాన అసలూ కాదు. పాత పనిలో రంగులు అంచుల దగ్గర ఒకదాంట్లో ఒకటి కరిగి ఉంటాయి. అడుగున రుద్దుడు గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, కావాలని గీసినవి ఒకే దిక్కుకు పోతాయి. అంచు పగులుంటే ధర తగ్గుతుంది, చూడ్డానికి అందం తగ్గదు. అందులో అన్నం మాత్రం తినొద్దు. ఆ పూతలో సీసం ఉంది, పులుపు తగిలితే తిండిలోకి దిగుతుంది. ఆ బట్టీల్లో పనిచేసిన ఆడామగా ఎందరో సీసం విషంతో మంచం పట్టారు. ఇంకో సంగతి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును సొంతంగా విదేశాలకు పంపడం నేరం.

హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో గురువారం పూట పాత పింగాణి కుప్పలు కనిపిస్తాయి. మన జిల్లా ఇళ్ల అటకల మీదా ఏదో ఒక జాడీ, పళ్లెం ఉండే ఉంటుంది. అది ఫ్రాన్సుదో, ఇంగ్లండుదో, జపానుదో తేల్చకుండా పాత ఇనుము వాడికి తూకానికి వెయ్యకండి. వెనకవైపు గుర్తు, అది ఇంటికి ఎవరు తెచ్చారన్న పెద్దల మాట ఒక కాగితం మీద రాసి దాంతోపాటే ఉంచండి. ఎవరు తెచ్చారో తెలియని వస్తువుకు సగం చరిత్ర పోయినట్టే.

కాగితం అంటే గుర్తొచ్చింది. సాలార్‌జంగ్ జిలాబందీ పెట్టాక ప్రతి ఊరి పట్వారీకీ లెక్క రాసే కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితాన్ని చేత్తో చేసిన ఊళ్లలో మన కోరుట్ల ఒకటి. ఆ కాగితం చేసిన చేతుల కథ, మిల్లు కాగితం వచ్చి వాళ్ల తొట్లను ఎండగట్టిన కథ 7వ భాగంలో చదువుదాం.